పలుపుతాడుతో కట్టేసిన రోబో

“మా బావ గణపతిరావు పదహారేళ్లుగా నన్ను తింటన్నాడండి. ముందు మా ఇంట్లో అన్నం తిన్నాడు. తర్వాత నా బుర్ర తిన్నాడు. ఇప్పుడు నా భూమి తింటానంటన్నాడు.”

శనివారం పొద్దున్న, చోడవరం మెయిన్‌ రోడ్డులో ఎరువుల దుకాణం మేడ మీద గదిలోకి వచ్చిన మనిషి కుర్చీ లాక్కోకుండానే ఈ మాటలన్నాడు. గళ్ల చొక్కా, మోకాళ్ల దాకా బెల్లం మరకలు, నాలుగు రోజుల గడ్డం. పేరు సత్యారావు. గోవాడ రోడ్డులో బెల్లం ప్యాకింగు షెడ్డు. ఏడో తరగతితో బడి మానేసినా, చుట్టుపక్కల డిగ్రీ చదివినవాళ్లెవరికీ లేని ధైర్యం చేసి అప్పు తెచ్చి రోబో కొన్నాడు. అందుకే డిగ్రీ చదివినవాళ్లంతా అతని వంక జాలిగా చూస్తున్నారు.

“కూర్చోండి,” అంది వరహాలక్ష్మి.

వరహాలక్ష్మి తూనికలు, కొలతల ఆఫీసులో పాతికేళ్లు గుమాస్తాగా పనిచేసింది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు నలుగురు ఆఫీసర్లయ్యారు. ఆవిడ గుమాస్తాగానే రిటైరైంది. లోకం తీరు అలాగే ఉంటుంది. రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివ్‌ బోర్డు కట్టింది. చేతిసంచీలో ఎప్పుడూ ఒక కొలత టేపు ఉంటుంది. పక్కన అసిస్టెంటు కృష్ణకాంత్‌ ఉంటాడు. నలభై రెండేళ్ల మనిషి, ఒకప్పుడు బీమా ఏజెంటు. ఆవిడ దగ్గినా నోటుబుక్కులో రాసుకుంటాడు.

“మీ బావగారు భూమి ఎలా తింటారు?”

“నిన్న మద్దేన్నం షెడ్డులో దెబ్బ తగిలి పడిపోయేడండి. రోబో కొట్టిందంటన్నాడు! కరెంటు లేనప్పుడు దానంతటదే దిగొచ్చి నుదుటి మీద కొట్టిందట. ఎద్దు పొడిస్తే ఎద్దు కామందే కట్టుకోవాల కదా, రోబో అయినా అంతేనని పెద్దమనుషులు తేల్చేసేరు. నష్టపరిహారం కింద రోడ్డు పక్క పద్దెనిమిది సెంట్లు అడుగుతున్నాడు. ఈ సాయంత్రం నాలుగింటికి తీర్పు.”

“ఆ పద్దెనిమిది సెంట్లలో ఏముంది?”

సత్యారావు గొంతు తగ్గింది. “ఇంకేటీ లేదండి. బోర్డు ఒకటుంది. మాడుగుల బస్సులు అక్కడే ఆగుతాయి. దళారుల్ని పక్కన పెట్టి, దిగినోళ్లకి నేనే బెల్లం అమ్ముకుందామని బోర్డు రాయించి పాతేను. మా నాన్న ఇచ్చిందాన్లో మిగిలింది అదొక్కటే.”

“మరి రోబో ఇప్పుడెక్కడుంది?”

“కట్టేసేరండి.”

“ఆఫ్‌ చేశారా?”

“కాదండి. పలుపుతాడుతో రాటకి కట్టేసేరు. తీర్పయ్యేదాకా కదలకూడదంట.”

కృష్ణకాంత్‌ ‘నిందితుడు అదుపులో’ అని రాసుకున్నాడు.

*

షెడ్డు పొడుగ్గా ఉంది. తూర్పున రోడ్డు, పడమట సన్యాసమ్మ అనే ఆవిడ చెరకుతోట. పడమటి వైపు గోడ లేదు, రేకుల కింద ఇనుప రాటలు మాత్రమే ఉన్నాయి. నడుమ పెద్ద బల్ల. దాని నాలుగు మూలలా భుజం కంటే కాస్త ఎత్తున్న నాలుగు ఉక్కు స్తంభాలు, స్తంభాల మీద రెండు పట్టాలు, పట్టాలకి అడ్డంగా ఒక దూలం, దూలానికి నిలువుగా ఒక చెయ్యి. ఆ చేతికి ఎర్రటి బొట్టు, చివర జానెడు దారానికి వేలాడుతున్న నిమ్మకాయ. ఇదంతా కలిపి ఒక మందమైన తాడుతో నైరుతి మూల రాటకి గట్టిగా బిగించి ఉంది.

“ఇదేనా రోబో?” కృష్ణకాంత్‌ నిరాశగా అడిగాడు. “మొహమేది?”

“అందరూ అదే అడిగేరు సార్‌,” అంది పక్కనున్న అమ్మాయి. పేరు కీర్తి, రోబో ఆపరేటరు. బుచ్చయ్యపేట నుంచి రోజూ బస్సులో వస్తుంది. “వచ్చిన రోజు సత్యారావుగారి భార్య మంగాయమ్మగారు బొట్టు పెడదామని నుదురు కోసం వెతికేరు. దొరక్క అన్నిటికీ పెట్టేసేరు. ప్రతి శుక్రవారం అంతే.”

నాలుగు స్తంభాలకీ ఒకే ఎత్తున అరచెయ్యంత పసుపు పట్టీ, దాని మీద కుంకుమ బొట్లు ఉన్నాయి. వరహాలక్ష్మి నాలుగింటి చుట్టూ తిరిగింది. నైరుతి స్తంభం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడింది. టేపు తీసి పసుపు ఎత్తు కొలిచింది. నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. కృష్ణకాంత్‌ ఎందుకో తెలియకుండానే రాసుకున్నాడు.

“ఇది ఎలా కదులుతుందో నాకు చెప్పమ్మా. నాకేమీ తెలియదనుకుని చెప్పు.”

కీర్తికి ఆ ప్రశ్న కొత్త. పెద్దమనుషులెవరూ ఆ అమ్మాయిని ఒక్క మాట కూడా అడగలేదు.

“మూడే దారులు మేడమ్‌. దూలం మొత్తం పట్టాల మీద రోడ్డు వైపు నుంచి చెరకుతోట వైపు పోద్ది, అది ఎక్స్‌. దూలం మీద ఈ పెట్టె బెల్లం గుట్ట వైపు నుంచి అట్టపెట్టెల వైపు పోద్ది, అది వై. చెయ్యి పైకీ కిందకీ, అది జెడ్‌. అంతే. మన చెయ్యిలా వంకర తిరగడాలు ఉండవు. ఈ స్తంభాల మధ్యలో ఏ చోటైనా మూడు అంకెలు చెప్తే అక్కడికి పోద్ది. స్తంభాలు దాటి బయటికి జానెడు కూడా రాలేదు. రెండు చివర్లా ఈ స్విచ్చులున్నాయి, తగిలితే ఆగిపోద్ది.”

“కదిపేది?”

“మూడిటికీ మూడు సర్వో మోటార్లు. ఎక్స్‌కీ వైకీ పళ్ల బెల్టులు. జెడ్‌కి మాత్రం పొడుగాటి మర, పెద్ద స్క్రూ లాంటిది. మోటారు తిప్పితే మర తిరుగుద్ది, చెయ్యి దిగుద్ది. వైర్లు తెగకుండా ఈ నల్ల గొలుసులో పోతాయి.” జెర్రిలా ముడుచుకుని ఉన్న కేబుల్‌ చైను చూపించింది. “చివర పట్టుకునే గ్రిప్పరు. కిలో బెల్లం అచ్చు పట్టి అట్టపెట్టెలో పెడద్ది.”

“కరెంటు పోతే?”

“ఎక్స్‌, వై వదులైపోతాయి. జెడ్‌ మోటారుకి మాత్రం లోపల బ్రేకుంది. కరెంటు ఉంటేనే అది వదులుద్ది. పోయిందంటే పట్టేస్తది. లేకపోతే చేతి బరువుకి దబ్బున కింద పడిపోదా?”

వరహాలక్ష్మి నవ్వలేదు కానీ కళ్లజోడు సర్దుకుంది. ఆవిడ కళ్లజోడు సర్దుకుంటే కేసు సగం అయినట్టేనని కృష్ణకాంత్‌ నమ్మకం.

“నిన్న ఏం జరిగింది?”

“పొద్దున్న పూజకి ముందు పట్టాలన్నీ తుడిచి కొత్త గ్రీజు పెట్టేను. ఒంటిగంటకి దూలాన్ని ఈశాన్యం మూల ఆపి, ఎర్ర బటన్‌ నొక్కి కరెంటు ఆపేసి, పంపు గది వెనక అన్నానికి పోయేను. అరుపులు విని వస్తే దూలం ఇదిగో, ఇక్కడ నైరుతిలో ఉంది. నిన్నొక్కరోజే కాదు మేడమ్‌. ఎనిమిది రోజులుగా అంతే. ఈశాన్యంలో ఆపి వెళ్తాను, తిరిగొచ్చేసరికి నైరుతిలో ఉంటది. నేనే మర్చిపోతన్నానని అందరూ తిడతన్నారు. మంగాయమ్మగారు దెయ్యమని నిమ్మకాయ కట్టేరు.”

‘దెయ్యం’ అని రాసి కృష్ణకాంత్‌ కింద రెండు గీతలు గీశాడు.

*

గణపతిరావు షెడ్డు పక్క గదిలో మంచం మీద పడుకుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. తాళాల గుత్తికి చిన్న దిక్సూచి వేలాడుతోంది. సత్యారావు షెడ్డులో మేనేజరు, ఖాళీ సమయంలో వాస్తు చెప్తాడు. నిజానికి వాస్తు చెప్తాడు, ఖాళీ సమయంలో మేనేజరు. తలకి కట్టు ఉంది. కట్టు అంచుల్లో, కనుబొమల పైన, పచ్చగా కనిపిస్తోంది. పక్కన చెల్లెలు మంగాయమ్మ విసనకర్రతో విసురుతోంది.

“ఏటి అడగాలో అడుగు తల్లీ. తల తిరుగుతోంది.”

“మీరు ఎక్కడ నిలబడ్డారు?”

“బల్ల పక్కన. అచ్చులు లెక్కెడతన్నాను. కరెంటు లేదు. పైనుంచి ఆ చెయ్యి దబ్బున దిగి నుదుటి మీద కొట్టి, నన్ను ఎత్తి అవతల పారేసింది. నేను ముందే సెప్పేను. ఈశాన్యంలో అంత బరువు నిలబెట్టకురా సత్యం, కొంప ములుగుద్దని. ఇంటేనా?”

“నీ మాట ఇని నేను వంటిల్లు మూడుసార్లు పడగొట్టి కట్టేను బావా,” అన్నాడు గుమ్మం దగ్గర్నుంచి సత్యారావు.

“అందుకే మూడు పూటలా వంట అవుతోంది!”

వరహాలక్ష్మి మంగాయమ్మ వైపు తిరిగింది. “గాయానికి ఏం పెట్టావమ్మా?”

“కాపీ పొడుమండి. రక్తం కట్టాలంటే అదే. గుప్పెడు అద్ది గుడ్డ కట్టేసేను.”

“పసుపు?”

“పసుపు ఎక్కడిదండి? ఉన్నదంతా నిన్న పొద్దున్న రోబోకి పూసేను. దానికి వొళ్లు పెద్దది కదా.”

వరహాలక్ష్మి లేచింది. “గణపతిరావు గారూ, మీ ఎత్తెంత?”

“అయిదున్నర అడుగులు. నైరుతి వైపు తలపెట్టుకుని పడుకుంటే ఇంకో అర అంగుళం.”

బయటికి వచ్చాక కృష్ణకాంత్‌ గుసగుసగా అన్నాడు. “మేడమ్‌, నాకర్థమైంది. ఆ అమ్మాయి కీర్తే దొంగతనంగా రోబోని నడిపి కొట్టించింది.”

“కరెంటు లేకుండానా?”

కృష్ణకాంత్‌ ఆ పేజీ చింపేశాడు.

చెరకుతోట గట్టు మీద ఒక హద్దురాయి ఉంది. వరహాలక్ష్మి వంగి దాని మొదలు చూసింది. రాయి మీద మట్టి మరక నేలకి బెత్తెడు పైదాకా ఉంది. టేపు తీయబోయి, ఆగి, సంచీలో పెట్టేసింది.

“ఏంటి మేడమ్‌?”

“ఏమీ లేదు. అది వేరే కేసు.”

*

నాలుగింటికి షెడ్డులో కుర్చీలు వేశారు. ఇద్దరు పెద్దమనుషులు, మంచం మీద మోసుకొచ్చిన గణపతిరావు, కన్నీళ్లతో మంగాయమ్మ, మూలగా కీర్తి. నిన్న గణపతిరావుని మొదట చూసిన సన్యాసమ్మని కూడా వరహాలక్ష్మి పిలిపించింది. పెద్దమనిషి ఒకాయన రాయాల్సిన కాగితం ముందే రాసి తెచ్చాడు. సంతకం చోటు ఒక్కటే ఖాళీ. తీర్పులు ఎప్పుడూ అలాగే వస్తాయి.

“ముందు ముద్దాయి తాడు విప్పండి,” అంది వరహాలక్ష్మి.

“మీద పడితే?”

“మా కృష్ణకాంత్‌ మీద పడుతుంది లెండి.”

తాడు విప్పారు. కరెంటు మెయిను తీయించింది. “కృష్ణకాంత్‌ గారూ, ఆ చెయ్యి పట్టుకుని వేలాడండి.”

బీమా ఏజెంటుగా ఎంతోమందికి ప్రమాదాల గురించి చెప్పిన కృష్ణకాంత్‌ కళ్లు మూసుకుని బల్ల మీదికెక్కి, చెయ్యి పట్టుకుని, కాళ్లు ముడిచాడు. తొంభై కిలోల మనిషి గబ్బిలంలా వేలాడాడు. చెయ్యి వెంట్రుకవాసి కూడా దిగలేదు.

“కరెంటు లేకపోతే బ్రేకు పట్టేస్తుంది. దబ్బున దిగింది అన్నది అబద్ధం. పైగా చెయ్యి దిగి నుదుటికి తగిలితే ముందు తగలాల్సింది జానెడు కిందున్న నిమ్మకాయ. అది చెక్కుచెదరలేదు. దిగండి కృష్ణకాంత్‌ గారూ.”

“దిగలేనండి, కాళ్లు పట్టేసేయి.”

సత్యారావు వెళ్లి నడుం పట్టుకుని దింపాడు.

“రెండోది. సన్యాసమ్మా, నిన్న ఆయన ఎక్కడ పడున్నాడో అక్కడ నిలబడు.”

సన్యాసమ్మ చీర దోపుకుని బయటికి నడిచింది. “ఇక్కడే. నా తోటలోకి రేకుల నీళ్లు పడతన్నాయని తిట్టడానికొచ్చేను. మనిషి ఎల్లకిలా పడుండేసరికి తిట్లు మర్చిపోయేను. ఈ రాయి పక్కనే తల…” అని చటుక్కున ఆగిపోయింది. రాయి వంక చూస్తూ ఉండిపోయింది. ఆవిడ మాట మధ్యలో ఆపడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు, కానీ అప్పుడెవరూ పట్టించుకోలేదు.

వరహాలక్ష్మి టేపు పరిచింది. “మూల స్తంభం నుంచి బయటికి నాలుగడుగులు. రోబోకి ఉన్నవి మూడు తిన్నని దారులు. మూడూ స్తంభాల లోపలే. అది ఎవర్నీ బయటికి ఎత్తి పారేయలేదు. పాపం దానికి అంత స్వేచ్ఛ ఉంటే ఈ షెడ్డులో ఎందుకుంటుంది?”

“మరి నా నుదురు?” అన్నాడు గణపతిరావు. గొంతులో నీరసం కాస్త తగ్గింది.

“మీ నుదుటి మీద కాఫీ పొడి కింద పసుపుంది. మీ చెల్లెలు పసుపు పెట్టలేదు. ఇంట్లో లేదు కూడా. నిన్న ఈ షెడ్డులో తడి పసుపు ఉన్నవి స్తంభాలు. మూడు స్తంభాల మీద మూడేసి బొట్లున్నాయి. నైరుతి స్తంభం మీద నడుమ బొట్టు చెరిగిపోయి ఉంది. దాని ఎత్తు నాలుగడుగుల తొమ్మిది. మీరు అయిదున్నర. నిటారుగా నిలబడినవాడి నుదురు అక్కడ తగలదు. తల వంచి, రెండు చేతులూ ముందుకు చాచి, ఏదో బరువు తోసుకుంటూ వస్తేనే తగులుతుంది.” ఆవిడ పెద్దమనిషి వైపు తిరిగింది. “ఆ దూలాన్ని ఒక్క వేలితో తోయండి.”

ఆయన భయంభయంగా చూపుడువేలు పెట్టాడు. దూలం పట్టాల మీద జర్రున జారి మూడడుగులు పోయింది. ఆయన “అబ్బో!” అని చిన్నపిల్లాడిలా ఇంకోసారి తోశాడు. రెండో పెద్దమనిషి కూడా లేచాడు. ఇద్దరూ అటూ ఇటూ నాలుగుసార్లు ఆడాక వరహాలక్ష్మి గొంతు సవరించుకుంది.

“ఎనిమిది రోజులుగా మధ్యాహ్నం కీర్తి అన్నానికి వెళ్లగానే ఒకరు వచ్చి దూలాన్ని ఈశాన్యం నుంచి నైరుతికి తోస్తున్నారు. ఈశాన్యంలో బరువు ఉండకూడదని నమ్మేవాళ్లకి తప్ప ఇంకెవరికీ ఆ పని అవసరం లేదు. రోజూ గట్టిగా తోయాల్సి వచ్చేది. నిన్న కూడా అలాగే బలమంతా పెట్టారు. కానీ పొద్దున్నే కీర్తి కొత్త గ్రీజు పెట్టింది. దూలం జారిపోయింది, వెనకే మనిషి జారిపోయాడు, ఎదురుగా స్తంభం వచ్చింది. గుద్దుకున్న ఊపుకి స్తంభం పక్కనుంచి గిర్రున తిరిగి బయట పడ్డాడు. రోబో ఎవర్నీ కొట్టలేదు. గణపతిరావు గారే వెళ్లి రోబోని కొట్టారు.”

మంగాయమ్మ విసనకర్ర ఆపేసింది. ఆ విసనకర్రతోనే అన్న భుజం మీద ఒక్కటిచ్చింది.

“ఓరి అన్నియ్యా! నేను పాపం కీర్తి గుంట మీద పడి అరిసేను. దెయ్యానికి ఉపాసం కూడా ఉన్నానురా!”

“మీ మంచికే కదమ్మా తోసేను!” గణపతిరావు మంచం మీద లేచి కూర్చున్నాడు. నీరసం పూర్తిగా పోయింది. “దెబ్బ తగిలేక సిగ్గేసి రోబో అన్నాను. పెద్దమనుషులే ఎద్దు లెక్కలు తీసేరు. అంత దూరం తెచ్చేక పద్దెనిమిది సెంట్లు ఒద్దంటే బాగోదని…”

పెద్దమనిషి రాసి తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. రోబో నిర్దోషి అని ప్రకటించారు. సత్యారావు కీర్తి దగ్గరికి వెళ్లి, “తప్పైపోయింది గుంటా,” అన్నాడు. కీర్తి మెయిను వేసింది. దూలం మెల్లగా పట్టాల మీద నడిచి, స్విచ్చు తగిలి టిక్కుమని, తన ఈశాన్యం మూలకి చేరింది. సత్యారావు చేతులు జోడించాడు, వరహాలక్ష్మికో రోబోకో తెలియలేదు. ఎన్నాళ్లకో అతని మొహం మీద నవ్వు వచ్చింది.

ఆ నవ్వు మీద సన్యాసమ్మ గొంతు పడింది.

“అందరి మాటలూ అయిపోయేయా? ఇప్పుడు నా మాట ఇనండి. ఈ రాయి ఇక్కడ ఉండాల్సిన రాయి కాదు.”

“ఏటంటన్నావు పిన్నీ?” అన్నాడు సత్యారావు.

“మా మావ పాతిన రాయి మా నూతి గట్టుకి సూటిగా ఉండాల. ఇది ఎక్కడుండాల్సింది ఎక్కడుంది? ఆ చివర రాయీ అంతే. నిన్న మనిషి పడుంటే చూడలేదు. ఇప్పుడీవిడ నిలబెడితే చూసేను. ఒరే సత్తిబాబూ, నీ రోబో వెనక కాళ్లు రెండూ నా పొలంలో ఉన్నాయి.”

అందరూ గణపతిరావు వైపు చూశారు. అతను దిక్సూచి వైపు చూశాడు.

“స్థలానికి నైరుతి తగ్గిందిరా సత్యం. తగ్గితే కామందుకి నష్టం. నువ్వు రోబో చూడ్డానికి కోయంబత్తూరు పోయినప్పుడు, పునాదులకి ముందు… రాళ్లు రెండూ తొమ్మిదడుగులే జరిపేను.”

సత్యారావు మెల్లగా వరహాలక్ష్మి వైపు తిరిగాడు. “అమ్మా, మీకు తెలుసా?”

“మట్టి మరక చూశాను, పీకి మళ్లీ పాతిన రాయని తెలిసింది. మీరు నాకిచ్చింది రోబో కేసు. రాయి గురించి అడగలేదు. అడిగినా ఉన్నదే చెప్పేదాన్ని. టేపు ఒకళ్ల వైపు సాగదు.”

ఆవిడే నూతి గట్టు నుంచి కొలిచింది. వెడల్పు తొమ్మిదడుగులు, పొడవు నూట తొమ్మిది. రెండుంపావు సెంట్లు. షెడ్డు పడగొట్టొద్దని సత్యారావు బతిమాలాడు. సన్యాసమ్మ కాసేపు చెరకు వంక చూసి, రోబో కాళ్లు నరకమనేంత కసాయిదాన్ని కాదని, షెడ్డు కింద నేల అతనికే వదిలేస్తానని, దానికి బదులు రోడ్డు పక్క రెండింతలు ఇమ్మని అంది. తను కూడా అక్కడ బస్సులు దిగినవాళ్లకి చెరకురసం అమ్ముకుంటుందట. పెద్దమనిషి జేబులోంచి మడతలు విప్పి, కాగితం వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు.

చీకటి పడకముందే సత్యారావు రోడ్డు మీదికి వెళ్లి తన బోర్డు పీకి, పక్కకి జరిపి పాతాడు. గునపం పట్టుకోవడానికి గణపతిరావు వచ్చాడు. ఏ దిక్కుకి పాతాలో చెప్పబోయి, సత్యారావు చేతిలో గునపం చూసి ఊరుకున్నాడు. పద్దెనిమిది సెంట్లూ పోతాయని పొద్దున్న మేడ మెట్లెక్కిన మనిషికి పదమూడున్నర మిగిలాయి. పోయినవి, బస్సు సరిగ్గా ఆగేచోటు, నాలుగున్నర సెంట్లు.